దేని బదులు ఏ నూనె?

కాకినాడలో ఒక గ్రంథాలయ సభలో చేసిన ప్రసంగం. రికార్డింగ్ విని రాసుకున్న పాఠం

అందరికీ నమస్కారం. వెనక వరసలో కూర్చున్నవాళ్లకి వినిపిస్తోందా అండీ? సరే. నేను మెడికల్ కాలేజీలో ఇరవై ఆరేళ్లుగా బయోకెమిస్ట్రీ చెబుతున్నాను. పెళ్లికి వెళ్లినా, రైలెక్కినా, ఆఖరికి ఎవరినైనా పరామర్శించడానికి వెళ్లినా, నేను చేసే పని తెలిసిన మరుక్షణం అడిగే ప్రశ్న ఒక్కటే. "మేడమ్, ఏ నూనె మంచిదండీ?" అడిగేవాళ్లలో చాలామంది ఇళ్లల్లో ఈమధ్యే ఎవరికో స్టెంటు వేసి ఉంటారు, ఆ భయంతో అడుగుతారు, అందుకని నేను ఎప్పుడూ విసుక్కోను. కానీ ఒక్క మాటలో జవాబూ చెప్పలేను. ఇప్పుడు ఏం వాడుతున్నారు, ఎంత వాడుతున్నారు, దాన్ని తీసేసి ఆ చోట ఏం పెడదామనుకుంటున్నారు అని తిరిగి అడుగుతాను. మొదటి రెండింటికీ జవాబు వస్తుంది. మూడోదాని దగ్గర ఆగిపోతారు. ఇవాళ నేను చెప్పబోయేదంతా ఆ మూడో ప్రశ్న గురించే.

ముందు ఈ నూనె, నెయ్యి అనేవి అసలు ఏంటో చూద్దాం, కెమిస్ట్రీ అని భయపడకండి, ఐదు నిమిషాల్లో అయిపోతుంది. ఏ కొవ్వైనా ఫ్యాటీ యాసిడ్లు అనే పొడవాటి గొలుసులతో తయారవుతుంది. మూడేసి గొలుసులు గ్లిసరాల్ అనే చిన్న ముక్కకి వేలాడుతుంటాయి, అదే ట్రైగ్లిజరైడ్, మీ రక్తపరీక్ష కాగితంలో కనిపించే పేరు. ఈ గొలుసుల్లో కొన్ని నిటారుగా ఉంటాయి, కొన్ని మధ్యలో వంగి ఉంటాయి. కొబ్బరి ఈనెల చీపురు గుర్తు తెచ్చుకోండి. ఈనెలన్నీ తిన్నగా ఉంటాయి కాబట్టి కట్ట బిగుతుగా కుదురుతుంది. అదే తుమ్మ కొమ్మలు కట్టగట్టండి, ఎంత తాడు బిగించినా మధ్యలో సందులు ఉంటూనే ఉంటాయి. తిన్నగా ఉండే గొలుసులు శాచురేటెడ్. అవి దగ్గరదగ్గరగా పేరుకుంటాయి, అందుకే నెయ్యి పేరుకుంటుంది, కొబ్బరినూనె చలికాలం గడ్డకడుతుంది. వంపు ఉన్నవి అన్‌శాచురేటెడ్, అవి నూనెగానే ఉంటాయి. ఒక వంపు ఉంటే మోనో, రెండూ అంతకన్నా ఎక్కువ ఉంటే పాలీ. పామాయిల్ ప్యాకెట్ పుష్యమాసంలో గడ్డకడితే కల్తీ అయిందని షాపువాడితో గొడవపెట్టుకునేవాళ్లని చూశాను. కల్తీ అక్కర్లేదు, పామాయిల్‌లో దాదాపు సగం శాచురేటెడ్, చలికి అలా అవడం దాని స్వభావం.

మన ఊరికి ఈ పామాయిల్‌తో దగ్గరి చుట్టరికం ఉంది కదండీ. వాకలపూడి వైపు వెళ్తే ఆ పెద్దపెద్ద ట్యాంకులన్నీ కనబడతాయి. ఇండొనేషియా, మలేషియాల నుంచి ఓడల్లో వచ్చిన ముడి నూనె ఇక్కడ శుద్ధి అయ్యి, పల్లెపల్లెకీ వెళ్తుంది. మన దేశం తినే నూనెలో సగానికి పైగా బయటనుంచి కొనుక్కుంటున్నదే. కాబట్టి నూనె గురించి మాట్లాడుకోవడానికి ఈ ఊరికన్నా తగిన ఊరు నాకు కనిపించదు. ఈ పామాయిల్ కథకి మళ్లీ వస్తాను, ఒక సముద్రం దాటి వెళ్లి రావాలి దానికి.

అంతకుముందు ఒక మాట గట్టిగా చెప్పాలి. కొవ్వు శత్రువు అనే మాట జనంలో బాగా పాతుకుపోయింది, అది నన్ను నిజంగా బాధపెడుతుంది. 1929లో అమెరికాలో, మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో, జార్జ్ బర్ర్, మిల్‌డ్రెడ్ బర్ర్ అనే దంపతులు ఎలుకలకి కొవ్వన్నదే లేని తిండి పెట్టి చూశారు. పంచదార, శుద్ధి చేసిన పాల ప్రొటీన్, విటమిన్లు, ఖనిజాలు అన్నీ ఇచ్చారు, కొవ్వొక్కటి తీసేశారు. అప్పటిదాకా అందరి నమ్మకం ఏంటంటే, కొవ్వు ఒట్టి ఇంధనం, దాని బదులు పిండిపదార్థం పెట్టినా సరిపోతుందని. ఆ ఎలుకల తోకలు పొలుసులు లేచాయి, ఎదుగుదల ఆగింది, మూత్రపిండాలు దెబ్బతిన్నాయి, చివరికి చచ్చిపోయాయి. కొద్ది చుక్కల లినోలిక్ యాసిడ్ ఇస్తే కోలుకున్నాయి. మన ఒంటికి అవసరమై, మన ఒళ్లు తయారుచేసుకోలేని ఫ్యాటీ యాసిడ్లు ఉన్నాయని లోకానికి అప్పుడు తెలిసింది. అవి రెండు: ఒమేగా-6 కుటుంబంలో లినోలిక్, ఒమేగా-3 కుటుంబంలో ఆల్ఫా లినోలెనిక్. ఈ రెండూ తిండిలోంచి రావాల్సిందే, వేరే దారి లేదు.

మన దేశంలో దీన్ని ఎలుకల్లో చూడక్కర్లేకపోయింది. నేను చదువుకునే రోజుల్లో పిల్లల ఓపీలో మోచేతుల వెనక, మోకాళ్ల మీద చర్మం ముళ్లుముళ్లుగా, చెయ్యి వేస్తే ఆకురాయిలా తగిలే పిల్లల్ని చూపించేవారు. ఫ్రైనోడెర్మా అంటారు, కప్ప చర్మంలా ఉంటుందని ఆ పేరు. ఆ పిల్లలకి బి విటమిన్లతో పాటు కుసుమ నూనెలాంటివి ఇస్తే చర్మం నునుపు తేలేది. అలాంటి ఒక పిల్లాడి చెయ్యి నా చేతిలో పెట్టి ప్రొఫెసర్ గారు "నూనె చుక్క లేని ఇల్లమ్మా ఇది" అన్నారు. ఆ గరుకు ఇప్పటికీ నా వేళ్లకి గుర్తుంది. అందుకే, రోజూ మజ్జిగన్నం, పచ్చిమిరపకాయ తిని కూలికెళ్లే ఇంటికెళ్లి "నూనె తగ్గించండి" అని ఎవరైనా ఉపన్యాసం ఇస్తే నాకు కోపం వస్తుంది. ఆ ఇంట్లో పెంచాలి. గ్రాము కొవ్వులో 9 కిలోకాలరీలు, గ్రాము అన్నంపిండిలో 4. చిన్న పొట్ట ఉన్న పిల్లకి చిన్న ముద్దలో ఎక్కువ శక్తి కావాలంటే ఆ ముద్దలో చెంచాడు నూనో నెయ్యో ఉండాలి. తల్లిపాలలో వచ్చే శక్తిలో దాదాపు సగం కొవ్వు నుంచే వస్తుంది, ప్రకృతి తను చెయ్యాల్సిన లెక్క చేసే పెట్టింది. పసిపిల్లల మెదడు అల్లుకునేది కూడా ఎక్కువగా కొవ్వుతోనే. ఇంకోటి, ఎ, డి, ఇ, కె విటమిన్లు కొవ్వులోనే కరుగుతాయి. మునగాకు, తోటకూర ఉడకబెట్టి నూనె చుక్క లేకుండా తింటే అందులోని కెరోటిన్‌లో, అంటే ఒంట్లో ఎ విటమిన్‌గా మారే పదార్థంలో, చాలాభాగం ఒంటికి పట్టదు. ఆకుకూరకి తాలింపు పెట్టమన్న మన పెద్దవాళ్లకి కెరోటిన్ పేరు తెలియదు, పద్ధతి తెలుసు.

ఇప్పుడు తిన్న కొవ్వు ఎక్కడికి వెళ్తుందో చెప్తాను. మా ప్రాక్టికల్స్‌లో ఒకటి చేయిస్తాను. ఇద్దరు విద్యార్థులు పొద్దున్నే ఏమీ తినకుండా రక్తం ఇస్తారు. తర్వాత క్యాంటీన్‌కి వెళ్లి పూరీ కూర తినేసి వస్తారు. మూడు గంటల తర్వాత మళ్లీ తీస్తాం. రెండు ట్యూబులూ యంత్రంలో తిప్పితే ఎర్రకణాలు అడుగుకి దిగి పైన నీరు తేలుతుంది. మొదటి ట్యూబులో అది లేత గడ్డిరంగులో, అద్దంలా ఉంటుంది, వెనక అక్షరాలు పెడితే చదవచ్చు. రెండో ట్యూబులో బియ్యం కడిగిన నీళ్లలా తెల్లగా మసకబారి ఉంటుంది. ఏటా ఆ ట్యూబు చేతులు మారుతున్నప్పుడు క్లాసంతా నిశ్శబ్దమైపోతుంది. ఆ తెల్లదనం పూరీల నూనె. పిత్తరసం దాన్ని సబ్బులా విడగొడితే, క్లోమం ఎంజైము కత్తిరిస్తే, పేగు గోడ మళ్లీ కూర్చి, ప్రొటీన్ చుట్టి, చిన్నచిన్న ఉండలుగా లింఫు నాళాల్లోకి, అక్కణ్నుంచి రక్తంలోకి వదులుతుంది. ఆరోగ్యవంతుడికి కొన్ని గంటల్లో అది కండలకీ, కొవ్వు కణాలకీ చేరిపోయి రక్తం తేటపడుతుంది. రోజంతా ఏదో ఒకటి వేయించింది తింటూ ఉండేవాళ్లకి తేటపడే తీరిక ఉండదు.

సరే, డాల్డా. ఇక్కడున్న పెద్దవాళ్లకి ఆ పసుప్పచ్చ డబ్బా, మీద ఆకుపచ్చ చెట్టు బొమ్మ గుర్తుండే ఉంటుంది, ఖాళీ అయ్యాక పప్పులు పోసుకునేవాళ్లం. 1937లో మన దేశంలోకి వచ్చింది. నూనెలోకి హైడ్రోజన్ పంపి వంపుల్ని సరిచేస్తే నూనె నెయ్యిలా పేరుకుంటుంది. పూర్తిగా సరిచేస్తే శాచురేటెడ్ అవుతుంది. సగంలో ఆపితే కొన్ని గొలుసులు వంపు జాగా అలాగే ఉండి, ఆకారం మాత్రం తిన్నగా మారతాయి. అవే ట్రాన్స్ ఫ్యాట్లు. తుమ్మకొమ్మని ఈనెలా సాపుచేసినట్టు. అవి చెడ్డ కొలెస్ట్రాల్ ఎల్‌డీఎల్‌ని పెంచడమే కాకుండా, మంచిదైన హెచ్‌డీఎల్‌ని తగ్గిస్తాయని 1990లో నెదర్లాండ్స్ పరిశోధకులు చూపించారు. వెన్న మంచిది కాదని లోకమంతా మార్గరీన్‌కి, అంటే నూనెతో చేసిన వెన్నలాంటి సరుకుకి, మారిన కాలంలో, ఆ మార్గరీన్‌లోనే ఇవి ఉన్నాయి. తీసేసింది మధ్యరకం, పెట్టింది అధ్వాన్నం. నేను మూడో ప్రశ్న అంటున్నది ఇదే.

డాల్డా గురించి ఇంకొక్కటి చెప్పాలి, నాకు చాలా ఇష్టమైన విషయం. నెయ్యిలో డాల్డా కలిపేస్తారని, మన ప్రభుత్వం డాల్డాలాంటి వనస్పతి తయారుచేసే ప్రతివాళ్లూ అందులో 5 శాతం నువ్వులనూనె కలిపి తీరాలని నిబంధన పెట్టింది. ఎందుకు? నువ్వులనూనెలో సహజంగా ఉండే ఒక పదార్థం, హైడ్రోక్లోరిక్ యాసిడ్, ఫర్‌ఫ్యూరల్ అనే రసాయనం తగిలితే ఎర్రబడుతుంది. కరిగించిన నెయ్యిలో అవి పోసి బాగా కుదిపి నిలబెడితే, అడుగున ఉన్న యాసిడ్ పొర గులాబీ ఎరుపుకి తిరిగిందా, అందులో వనస్పతి ఉన్నట్టే. కల్తీని పట్టించే గుర్తుని కల్తీ సరుకులోనే ముందుగా దాచిపెట్టారు. మా ల్యాబులో ఇప్పటికీ చేయిస్తాం. కాకపోతే ఇవాళ నెయ్యిలో పామాయిల్ కలిపితే ఈ పరీక్షకి దొరకదు, అందులో నువ్వులు లేవు కదా. ఇక ట్రాన్స్ విషయానికొస్తే, మన ఆహార భద్రతా సంస్థ నూనెలు, కొవ్వుల్లో వాటి పరిమితిని 5 శాతం నుంచి 2021లో 3కి, 2022 జనవరి నుంచి 2 శాతానికి దించింది. మన దేశంలో ప్రజారోగ్యానికి జరిగిన మంచి పనుల్లో ఇదొకటని నేను అనుకుంటాను. ఎవరూ పెద్దగా చెప్పుకోలేదు.

ఇప్పుడు సముద్రం దాటదాం. మన పక్కనే కోరంగి ఉంది. పందొమ్మిదో శతాబ్దంలో ఆ రేవు నుంచి, విశాఖ వైపు నుంచి మనవాళ్లు చెరకు తోటల్లో కూలికి ఓడలెక్కి మారిషస్ వెళ్లారు. వాళ్ల మనవలు, మునిమనవలు ఇప్పటికీ అక్కడ ఉగాది చేసుకుంటున్నారు. ఆ దేశంలో గుండెజబ్బులు విపరీతంగా పెరిగితే, 1987లో అక్కడి ప్రభుత్వం ఒక పని చేసింది. జనం వాడే చవక రేషన్ నూనె అప్పటిదాకా చాలావరకు పామాయిల్. దాన్ని సోయా నూనెగా మార్చేసింది. ఇంటింటికీ తిరిగి తినే పద్ధతి మార్చుకోండని బతిమాలనక్కర్లేకుండా, సీసాలో ఉన్నది మారింది. వంట అదే, మూకుడు అదే. ఐదేళ్ల తర్వాత 1992లో మళ్లీ కొలిచారు. జనం సగటు కొలెస్ట్రాల్ మన రక్తపరీక్ష కాగితాల లెక్కలో చెప్పాలంటే సుమారు 213 నుంచి 182 దగ్గరికి దిగింది. ఒక్క మనిషిది కాదండీ, దేశం సగటు! మందు బిళ్ల లేకుండా. నిజాయితీగా చెప్పాలి, అదే సమయంలో సిగరెట్లు, మద్యం తగ్గించమని, వ్యాయామం చెయ్యమని కూడా ప్రచారం చేశారు, కాబట్టి మొత్తం ఘనత నూనెకే ఇవ్వలేం, కానీ పెద్ద వాటా దానిదే. అయితే ఆ ఐదేళ్లలో వాళ్ల బరువు మాత్రం తగ్గలేదు, పెరిగింది. నూనె రకం మార్చినంత మాత్రాన ఎంత తింటున్నామన్నది మారదు. ఈ రెండు ముక్కలూ కలిపి గుర్తుపెట్టుకోండి.

ఎందుకు తగ్గింది అంటే, మన కాలేయం మీద ఎల్‌డీఎల్‌ని పట్టుకుని లోపలికి లాక్కునే కొక్కేలుంటాయి. శాచురేటెడ్ కొవ్వు ఎక్కువైతే ఆ కొక్కేలు తగ్గుతాయి, ఎల్‌డీఎల్ రక్తంలోనే తిరుగుతూ ఉండిపోతుంది. దాని బదులు పాలీ, మోనో రకాలు వస్తే కొక్కేలు పెరుగుతాయి. బదులు వస్తే అన్నాను. తీసేసిన చోట అన్నం వస్తే?

మా బాబాయి సంగతి చెప్తాను. గుండె దగ్గర కాస్త తేడా వచ్చిందనగానే నూనె, నెయ్యి మొత్తం మానేశారు, పోపు కూడా పెట్టనిచ్చేవారు కాదు పిన్నిని. కూర లేకపోయేసరికి మూడు పూటలా చారన్నం, మజ్జిగన్నం, కడుపు నిండదు కాబట్టి మారు వడ్డన. ఆర్నెల్ల తర్వాత పరీక్ష చేయిస్తే ట్రైగ్లిజరైడ్లు ముందుకన్నా పెరిగాయి, హెచ్‌డీఎల్ తగ్గింది. ఆయన కాగితం పట్టుకుని మా ఇంటికొచ్చి, "అమ్మాయ్, చుక్క నూనె ముట్టలేదే, ఈ కొవ్వెక్కడిది?" అన్నారు. ఆ గొంతు వింటే ఏడుపొచ్చింది నాకు, అంత నోరు కట్టుకున్న మనిషి. అవసరానికి మించిన అన్నాన్ని కాలేయం కొవ్వుగా మార్చి రక్తంలోకి పంపుతుందని అప్పటిదాకా ఆయనకి ఎవరూ చెప్పలేదు. అన్నం సగం చేసి, కూర, పప్పు, గుప్పెడు వేరుశనగ గుళ్లు పెట్టి, తాలింపు మళ్లీ మొదలుపెట్టించాను. మన తెలుగు ఇళ్లల్లో ఈ పొరపాటు చాలా ఎక్కువ. నూనె మానేస్తే సరిపోతుందనుకుంటారు, పళ్లెంలో తెల్లటి కొండ అలాగే ఉంటుంది.

ఇక వంటింటి నూనెలు. వేరుశనగనూనెలో సగానికి దగ్గరగా మోనో, మూడో వంతు పాలీ, ఐదో వంతు దాకా శాచురేటెడ్. నువ్వులనూనెలో మోనో, పాలీ ఇంచుమించు సమానం. మనం ఆవకాయకి పప్పునూనె పోసేది రుచికే అనుకుంటాం, ఆ నువ్వుల్లో నూనె పాడవకుండా కాపాడే సహజ పదార్థాలున్నాయి, అందుకే ఏడాది గడిచినా జాడీ మూత తీస్తే పాత నూనె వాసన రాదు. తవుడు నూనె కూడా దాదాపు ఇదే పొందిక, మన వరిమిల్లుల దగ్గరి సరుకు, దాన్ని ఇంకా వాడుకోవాలి. సన్‌ఫ్లవర్‌లో ఒమేగా-6 చాలా ఎక్కువ, ఒమేగా-3 దాదాపు లేదు. అందుకే ఒక్కదాన్నే పట్టుకోకుండా నూనెలు మార్చి మార్చి వాడమంటాం. ఒమేగా-3 కోసం ఖరీదైన బిళ్లలు కొనకముందు రెండు చూడండి. ఒకటి అవిసెగింజలు. ఆ నూనెలో సగానికి పైగా ఒమేగా-3. దోరగా వేయించి కారప్పొడి కొట్టుకోండి, గింజ గింజగా మింగితే అలాగే బయటికి పోతుంది, కొట్టింది పది రోజులకి మించి నిలవ ఉంచకండి. అయితే దాంట్లోంచి మెదడుకి కావలసిన డీహెచ్‌ఏ అనే మరో ఒమేగా-3ని మన ఒళ్లు కొంచెమే తయారుచేసుకోగలదు. చేపలు తినేవాళ్లకి అది నేరుగా వస్తుంది. ఇక్కడ రేవులో వంజరం కొనలేనివాళ్లు చిన్నబుచ్చుకోనక్కర్లేదు, కవళ్లు కొనండి. చవక చేప, ఒమేగా-3 దండిగా ఉంటుంది. పులుసు పెట్టుకోండి, వేపుడు కాకుండా.

ఇప్పుడు ఎంత. ఈ గాజుగ్లాసు చూడండి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో, రోజుకి 2000 కిలోకాలరీల తిండికి 27 గ్రాముల నూనె, నెయ్యి అని లెక్క ఇచ్చింది. ఇదిగో, టీ చెంచాతో పోస్తున్నాను. ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు, ఆరు. అంతే. ఒక మనిషికి, ఒక రోజుకి, తాలింపు, వేపుడు, అట్టు మీద చుట్టూ పోసేది, ఆవకాయ ఊట, అన్నంలో నెయ్యి అన్నీ కలిపి. నలుగురున్న ఇంటికి నెలకి సుమారు మూడున్నర లీటర్లు. చెయ్యెత్తమనను, ఎవరింట్లో ఎంత అవుతోందో మీకే తెలుసు. పాలు, పప్పులు, గుళ్లు, కొబ్బరిలో కంటికి కనబడని కొవ్వు ఇది కాకుండా వస్తూనే ఉంటుంది. నేను మా ఇంట్లో ఒకటో తారీకున నెల నూనె విడిగా డబ్బాలో పోసి పెడతాను. ఇరవయ్యో తారీకుకి అడుగు కనబడితే వేపుళ్లు ఆపుతాం.

మరిగిన నూనె గురించి అడుగుతారని తెలుసు కాబట్టి నేనే చెప్తాను. బజ్జీల బండి దగ్గర సాయంత్రానికి నూనె నల్లబడి, నురగ కట్టి, కమురు వాసన వేస్తుంటే, ఆ గొలుసులు విరిగి వేరే పదార్థాలుగా మారిపోయాయన్నమాట. ఆ పదార్థాలు 25 శాతం దాటిన నూనె వాడకూడదని 2018 జూలై నుంచి నిబంధన ఉంది. ఇంట్లో కొలిచే సాధనం ఉండదు, మీ ముక్కు చాలు. పండక్కి అరిసెలు వేసిన నూనెని వడగట్టి రెండు రోజుల్లో కూరలకి వాడేయండి. మళ్లీ మళ్లీ మూకుట్లో కాచకండి.

అడగండి. ... గానుగ నూనె? రుచి, వాసన, కాస్త విటమిన్ ఇ ఎక్కువ, నమ్మకమైనచోట కొనండి. ఫ్యాటీ యాసిడ్ల పొందికలో రిఫైన్డ్‌కీ దానికీ పెద్ద తేడా లేదు, రిఫైన్డ్ విషం కాదు. గానుగదని రెట్టింపు పోసుకుంటే లాభం లేదు. ... ప్యాకెట్ మీద కొలెస్ట్రాల్ లేదని రాస్తారు, నిజమేనా? నిజమేనండీ, కానీ ఏ మొక్క నూనెలోనూ లెక్కలోకి వచ్చేంత కొలెస్ట్రాల్ ఉండదు. పామాయిల్‌లో కూడా ఉండదు. ప్యాకెట్ వెనక్కి తిప్పి శాచురేటెడ్ ఎంతో చూడండి.

ఆ చివర్న పెద్దావిడ, చెప్పండమ్మా. ... మనవడికి ఏడాదిన్నర, కోడలు నెయ్యి వెయ్యనివ్వడం లేదు, ఫోన్‌లో ఏదో వీడియో చూసిందట. అమ్మా, ఆ వయసు పిల్లలకి కొవ్వు తగ్గించకూడదు. పప్పన్నంలో చెంచాడు నెయ్యి వేసి మెత్తగా కలిపి పెట్టండి, నా మాటగా కోడలికి చెప్పండి, ఫోన్ నంబరు ఇస్తాను, కావాలంటే నేనే మాట్లాడతాను. మీరు ఎంత వేసుకుంటున్నారు? ... గరిటెడా? మీ చెంచా, వాడి చెంచా ఒకటే ఉండాలమ్మా ఇకనుంచి. షుగరుందా? ... సరే, కిందికి దిగాక కలవండి, రిపోర్టులు ఉంటే తీసుకురండి. గ్లాసు ఇక్కడే బల్ల మీద ఉంచుతున్నాను, వెళ్లేటప్పుడు అందరూ ఒకసారి చేతిలోకి తీసుకుని చూడండి.